గ్యాస్ వెల్డింగ్ టార్చి: ఎంపిక, వాడకం, సంరక్షణ

గ్యాస్ వెల్డింగ్ టార్చి విషయంలో చెప్పే జాగ్రత్తలు పైకి ఒకదానితో ఒకటి పొంతన లేని చిన్న చిన్న నియమాల్లా కనిపిస్తాయి. నిజానికి వాటిలో చాలా వాటికి మూలం ఒక్కటే. నాజిల్ రంధ్రం నుంచి వాయు మిశ్రమం బయటికి వచ్చే వేగం, ఆ మిశ్రమంలో మంట వెనక్కి పాకే వేగం కంటే ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి. అలా ఉన్నంతసేపు మంట నాజిల్ కొన దగ్గరే నిలబడి పని చేస్తుంది. తగ్గిందంటే అదే మంట నాజిల్ లోపలికి, అక్కడి నుంచి వాయువులు కలిసే మిక్సర్‌లోకి, పరిస్థితి మరీ విషమిస్తే గొట్టాల్లోకి చొరబడుతుంది. ఇంధన వాయువైన ఎసిటిలీన్, ఆక్సిజన్ కలిసిన మిశ్రమంలో మంట సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో పాకుతుంది. ప్రొపేన్, ఆక్సిజన్ మిశ్రమంలో ఆ వేగం ఇందులో సగం కూడా ఉండదు. చాలని ఒత్తిడి, మురికి పట్టిన రంధ్రం, పనికి మించిన పెద్ద నాజిల్, వేడెక్కిపోయిన కొన, వదులుగా ఉన్న నట్టు వేర్వేరు లోపాలే అయినా, చివరికి అవన్నీ మంటకు వెనక్కి దారి ఇచ్చేవే. టార్చిని ఎంచుకునేటప్పుడూ, వెలిగించేటప్పుడూ, శుభ్రం చేసేటప్పుడూ ఈ సూత్రం మనసులో ఉంటే ప్రతి నియమానికీ కారణం కనిపిస్తుంది. కారణం తెలిసిన నియమాన్ని తొందరలో ఉన్నప్పుడు కూడా మనిషి అంత తేలిగ్గా వదిలిపెట్టడు.

ఏ పనికి ఏ వాయువు

టార్చి కంటే ముందు తేల్చుకోవలసింది ఇంధన వాయువు సంగతి. ఉక్కును కరిగించి అతికే పనికి ఎసిటిలీన్‌కు సరితూగేది లేదు. ఆక్సిజన్‌తో కలిసి మండే ఎసిటిలీన్ మంట వేడి 3,000 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లె షటెలియే 1895లో చూపించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫ్రాన్స్‌లో ఫుషే, పికార్ అనే ఇద్దరు పనికివచ్చే టార్చిని తయారుచేశారు. ఎసిటిలీన్ వేడిలో గణనీయమైన భాగం, మంట నడుమ తెల్లగా కనిపించే లోపలి శంకువు కొన దగ్గరే కేంద్రీకృతమై ఉంటుంది. పైగా రెండు వాయువులూ సమపాళ్లలో కుదిరిన తటస్థ జ్వాలలో ఆ శంకువు చుట్టూ ఏర్పడే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులు కరిగిన ఉక్కును గాలిలోని ఆక్సిజన్ నుంచి కాపాడతాయి.

ప్రొపేన్‌కూ ఎల్‌పీజీకీ ఈ గుణం లేదు. వాటి మంట వేడి సుమారు 2,800 డిగ్రీలు ఉన్నా, ఆ వేడి ఎక్కువగా బయటి జ్వాలలో పరుచుకుని ఉంటుంది. ఉక్కును కరిగించి అతకబోతే అతుకు ఆక్సీకరణం చెంది పెళుసుబారుతుంది. కాబట్టి ఎల్‌పీజీ చవకగా దొరుకుతుందని దానితో ఉక్కు వెల్డింగ్‌కు దిగడం సరి కాదు. లోహాన్ని వేడి చేసి వంచడానికి, అసలు లోహాన్ని కరిగించకుండా వేరే లోహాన్ని కరిగించి అతికే బ్రేజింగుకు, ఆక్సిజన్ తోడుతో ఉక్కును కోయడానికి మాత్రం అది చక్కగా పనికివస్తుంది. రాగి గొట్టాలకు సోల్డరింగ్ చేయడమే పని అయితే ఆక్సిజన్ సిలిండరు కూడా అక్కర్లేదు. గాలిని తానే పీల్చుకునే సాధారణ ప్రొపేన్ టార్చి చాలు. పనికి సరిపడే వాటిలో అతి తక్కువ ప్రమాదమున్న పరికరాన్ని ఎంచుకోవడమే మొదటి జాగ్రత్త అని నా అభిప్రాయం.

ఒక వాయువు కోసం చేసిన నాజిల్‌ను మరో వాయువుతో వాడకూడదు. తటస్థ జ్వాలకు ఎసిటిలీన్ తనతో దాదాపు సమానమైన ఆక్సిజన్‌ను మాత్రమే సిలిండరు నుంచి తీసుకుంటుంది, ప్రొపేన్‌కు అంతకు సుమారు నాలుగు రెట్లు కావాలి. రంధ్రాల కొలతలు, నాజిల్ కొన ఆకారం ఈ లెక్కల ప్రకారమే ఉంటాయి. వాయువుల బరువులో ఉన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఎసిటిలీన్ గాలి కంటే కొద్దిగా తేలిక. ప్రొపేన్, ఎల్‌పీజీ గాలి కంటే బరువు కనుక లీకైతే గుంటల్లో, నేలమాళిగల్లో, కాలువల్లో పేరుకుని నిలిచిపోతాయి.

ఇంజెక్టర్ రకం, సమాన ఒత్తిడి రకం

వెల్డింగ్ టార్చిల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. సమాన ఒత్తిడి రకంలో రెండు వాయువులూ దాదాపు ఒకే ఒత్తిడితో మిక్సర్‌లోకి వచ్చి కలుస్తాయి. సన్నని పనికి ఈ ఒత్తిడి అరబార్‌లోపే (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) ఉంటుంది. ఇంజెక్టర్ రకంలో ఆక్సిజన్ ఎక్కువ ఒత్తిడితో, సాధారణంగా 2.5 బార్ ప్రాంతంలో, సన్నని రంధ్రం గుండా దూసుకుపోతూ తన చుట్టూ ఏర్పడే పీల్పుతో ఎసిటిలీన్‌ను లోపలికి లాక్కుంటుంది. ఎసిటిలీన్ ఒత్తిడి తక్కువగా ఉన్నా పని జరగడం దీనిలోని సౌకర్యం. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. నాజిల్ కొన మూసుకుపోతే బయటికి దారి లేని ఆక్సిజన్, తనకంటే ఒత్తిడి తక్కువగా ఉన్న ఎసిటిలీన్ గొట్టంలోకి వెనుదిరుగుతుంది. అందుచేత ఇంజెక్టర్ టార్చి వాడేవారు నాజిల్ శుభ్రత విషయంలో రెట్టింపు శ్రద్ధ చూపాలి. సిలిండర్లతో స్థిరంగా పనిచేసే చోట కొత్తగా నేర్చుకునేవారికి సమాన ఒత్తిడి టార్చి నయమని నేను భావిస్తాను, ఎందుకంటే దాని సర్దుబాటు సులువు, దాని ప్రవర్తనను ఊహించడం కూడా సులువే. ఏది కొన్నా, ఆ టార్చికి తయారీదారు నిర్దేశించిన మిక్సర్లు, నాజిళ్లు మాత్రమే వాడాలి. మర సరిపోయినంత మాత్రాన లోపలి కొలతలు సరిపోయినట్టు కాదు.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి. సన్నని రేకుల పని ఎక్కువగా చేసేవారికి తేలికైన, చిన్న పిడి ఉన్న టార్చి అవసరం. బరువైన టార్చితో గంటసేపు సన్నని అతుకు వేస్తే మణికట్టు అలిసిపోయి శంకువు దూరం నిలకడగా ఉండదు. వాల్వులు ఎక్కడా పట్టేయకుండా మెత్తగా తిరగాలి, అదే సమయంలో గుడ్డకో గొట్టానికో తగిలితే తిరిగిపోయేంత వదులుగా ఉండకూడదు. టార్చి మీద తయారీదారు గుర్తు, వాయువుల గుర్తులు, నాజిల్ మీద పరిమాణం సంఖ్య చెక్కి ఉండాలి. టార్చిలకు ఐఎస్ఓ 5172, సిలిండరు ఒత్తిడిని తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్లకు ఐఎస్ఓ 2503, రబ్బరు గొట్టాలకు ఐఎస్ఓ 3821, వెనక్కి దూసుకొచ్చే మంటను ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లకు ఐఎస్ఓ 5175 అంతర్జాతీయ ప్రమాణాలు. వాటికి గానీ, వాటికి సమానమైన స్వదేశీ ప్రమాణాలకు గానీ అనుగుణంగా ఉన్నదే కొనాలి. విడిభాగాలు, ముఖ్యంగా ఓ-రింగులు, వాల్వు ప్యాకింగులు, నాజిళ్లు దొరకని టార్చి ఎంత చవకైనా తీసుకోవద్దు. అలాంటి దానికి ఏదో ఒక రోజు పొసగని భాగాన్ని బిగించక తప్పని పరిస్థితి వస్తుంది.

నాజిల్ పరిమాణం

ఎక్కువ మంది నిర్లక్ష్యం చేసేది దీన్నే. పెద్ద నాజిల్ ఒకటి పెట్టుకుని, సన్నని పనికి వాల్వులు తగ్గించి, మందమైన పనికి పెంచి నెట్టుకురావడం చాలా చోట్ల అలవాటు. వాల్వు తగ్గించినప్పుడు మంట చిన్నదవుతుంది, నిజమే. కానీ రంధ్రం మాత్రం అంతే వెడల్పుగా ఉంటుంది కనుక వాయువు వేగం పడిపోయి మంట లోపలికి దూరే అవకాశం పెరుగుతుంది. చిన్న మంట కావాలంటే చిన్న నాజిల్ బిగించాలి. అలాగే చిన్న నాజిల్‌లోకి ఒత్తిడి పెంచి పెద్ద పని చేయబోతే మంట కొన నుంచి విడిపోయి గాలిలో ఊగుతుంది, కరిగిన లోహం చిందుతుంది.

మైల్డ్ స్టీల్‌కు ప్రతి మిల్లీమీటరు మందానికి గంటకు సుమారు 100 లీటర్ల ఎసిటిలీన్ అవసరమన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. అంటే 2 మి.మీ. రేకుకు గంటకు 200 లీటర్ల నాజిల్. రాగి వేడిని చాలా త్వరగా పంచేస్తుంది కాబట్టి అదే మందానికి ఇంకా పెద్ద నాజిల్ కావాలి. నాజిల్ సంఖ్యలు అన్ని తయారీ సంస్థలకూ ఒకటిగా ఉండవు. ఒకచోట అది గంటకు లీటర్లను సూచిస్తే, మరోచోట ఘనపు అడుగులను, ఇంకోచోట వట్టి వరుస సంఖ్యను సూచిస్తుంది. కాబట్టి తయారీదారు ఇచ్చిన పట్టికను పనిచేసే చోట గోడకు అంటించి ఉంచుకోవాలి.

నాజిల్ పెరిగితే సిలిండరు మీద భారం పెరుగుతుందన్న సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఎసిటిలీన్ సిలిండరు లోపల రంధ్రాలతో నిండిన పదార్థం ఉంటుంది. అందులో ఇంకిన ఎసిటోన్‌లో ఎసిటిలీన్ కరిగి ఉంటుంది. అతివేగంగా తోడితే వాయువుతో పాటు ఎసిటోన్ కూడా బయటికి వచ్చి రెగ్యులేటరు సీళ్లను, గొట్టాలను పాడుచేస్తుంది. గంటకు సిలిండరు సామర్థ్యంలో ఏడో వంతు మించి తీయరాదన్నది పాత నియమం. ఇప్పుడు అంతకంటే కఠినంగా, ఆగి ఆగి చేసే పనికి పదో వంతు, నిరంతరంగా సాగే పనికి పదిహేనో వంతు అని సలహా ఇస్తున్నారు. 7 ఘనపు మీటర్ల సిలిండరు నుంచి పదో వంతు లెక్కన గంటకు 700 లీటర్లే తీయవచ్చు. అంతకు మించిన నాజిల్ వాడాలంటే రెండు మూడు సిలిండర్లను మానిఫోల్డ్ అనే ఉమ్మడి గొట్టం ద్వారా కలపాలి.

గొట్టాలు, రెగ్యులేటర్లు, అరెస్టర్లు

టార్చి ఎంత మంచిదైనా, దాని వెనుక ఉన్న అమరికలో లోపం ఉంటే ప్రయోజనం లేదు. ఇంధన వాయువు బిగింపులన్నిటికీ ఎడమ మర, ఆక్సిజన్‌కు కుడి మర ఉంటాయి. ఎడమ మర ఉన్న నట్టు అంచుల మీద గాట్లు కనిపిస్తాయి. ఒక వాయువు గొట్టాన్ని మరోదానికి పొరపాటున బిగించకుండా ఈ ఏర్పాటు చేశారు కనుక, అడాప్టర్లు పెట్టి దాన్ని దాటవేసే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆక్సిజన్ గొట్టం నీలం, ఎసిటిలీన్ గొట్టం ఎరుపు, ఎల్‌పీజీ గొట్టం నారింజ రంగులో ఉంటాయి. ఎసిటిలీన్ కోసం మాత్రమే చేసిన రబ్బరును ప్రొపేన్ క్రమంగా దెబ్బతీస్తుంది. అందువల్ల గొట్టాన్ని కూడా వాయువును బట్టే కొనాలి. తెగిన ఎసిటిలీన్ గొట్టాన్ని రాగి గొట్టం ముక్కతో అతకడం ప్రాణాంతకమైన పని. రాగితో ఎసిటిలీన్ చర్య జరిపి ఏర్పరిచే పదార్థం కొద్ది తాకిడికే పేలుతుంది. అందుకే ఎసిటిలీన్ అమరికల్లో రాగి పాలు 70 శాతం మించిన లోహాలను వాడరు.

నాన్-రిటర్న్ వాల్వుకూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరుకూ ఉన్న తేడా చాలామంది పట్టించుకోరు. మొదటిది వాయువు వెనక్కి ప్రవహించకుండా ఆపుతుంది, కానీ దూసుకువచ్చే మంటను ఆపలేదు. అరెస్టరులో ఉండే సన్నని రంధ్రాల లోహపు వడపోత మంట వేడిని లాగేసి దాన్ని ఆర్పుతుంది. చాలా అరెస్టర్లలో నాన్-రిటర్న్ వాల్వు కూడా కలిసే ఉంటుంది. రెండు రెగ్యులేటర్ల దగ్గరా అరెస్టర్లు, టార్చి దగ్గర కనీసం నాన్-రిటర్న్ వాల్వులు ఉండాలి. ఆక్సిజన్ వైపు అరెస్టరు అక్కర్లేదని కొందరు దాన్ని మిగుల్చుకోవాలని చూస్తారు. ఇంధనం ఆక్సిజన్ గొట్టంలోకి చొరబడిన సందర్భంలో పేలేది ఆ గొట్టమే కనుక, ఇది ఏమాత్రం మిగుల్చుకోదగిన ఖర్చు కాదు.

అమర్చి, పరీక్షించి, వెలిగించడం

సిలిండర్లను నిటారుగా నిలబెట్టి గొలుసుతో కట్టాలి. ఎసిటిలీన్ సిలిండరును పడుకోబెట్టి తెచ్చి ఉంటే, లోపలి ఎసిటోన్ కిందికి దిగేందుకు కనీసం అది పడుకుని ఉన్నంతసేపయినా నిలబెట్టి ఉంచాకే వాడాలి. ఎంతసేపు పడుకుని ఉందో తెలియకపోతే ఒక రోజు ఆగడం మంచిది. ఆక్సిజన్ వైపు ఏ భాగానికీ నూనె, గ్రీజు, జిడ్డు చేతి తొడుగు తగలనివ్వకూడదు. అధిక ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌లో నూనె నిప్పు లేకుండానే అంటుకోగలదు. మర బిగుసుకుపోయిందని నూనె చుక్క వేసే అలవాటు వేరే యంత్రాల దగ్గర ఎంత మంచిదైనా ఇక్కడ పనికిరాదు.

రెగ్యులేటరు మీద ఒత్తిడి సర్దే మర పూర్తిగా వదులుచేసిన తర్వాతే సిలిండరు వాల్వు తెరవాలి. రెగ్యులేటరు ముఖానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. ఆక్సిజన్ వాల్వును చాలా నెమ్మదిగా తెరవడం మొదలుపెట్టి, ఒత్తిడి నిండాక పూర్తిగా చివరిదాకా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే లోపలి వాయువు హఠాత్తుగా నొక్కుకుపోయి రెగ్యులేటరు లోపలి సీటును అంటించేంత వేడి పుడుతుంది. ఎసిటిలీన్ వాల్వును ఒక చుట్టు తెరిస్తే చాలు, ఎట్టి పరిస్థితిలోనూ ఒకటిన్నర దాటకూడదు. తిప్పే తాళం దాని మీదే ఉంచాలి. అప్పుడే అవసరం పడితే ఒక్క తిప్పుతో మూయవచ్చు. గొట్టంలో ఎసిటిలీన్ ఒత్తిడి 1 బార్ దాటకూడదు. అంతకు మించితే ఆక్సిజన్ లేకపోయినా ఎసిటిలీన్ తనంతట తానే విచ్ఛిన్నమై పేలగలదు.

ఆ తర్వాత ప్రతి బిగింపు దగ్గరా నూనె లేని సబ్బు నీళ్లతో గానీ, ఇందుకోసమే అమ్మే ద్రవంతో గానీ లీకు పరీక్ష చేయాలి. బుడగలు వస్తే వాయువు కట్టి, ఒత్తిడి వదిలి, తర్వాతే బిగించాలి. వాసన చూసి లీకు లేదని తేల్చేయకూడదు. అగ్గిపుల్లతో పరీక్షించడం గురించి చెప్పనే అక్కర్లేదు.

వెలిగించే ముందు రెండు గొట్టాలనూ విడివిడిగా, ఒకటి మూసిన తర్వాత మరొకటి, కొన్ని సెకన్ల పాటు వదిలి ఖాళీ చేయాలి. గొట్టం పొడవుగా ఉంటే ఇంకా ఎక్కువసేపు వదలాలి. క్రితం రోజు మిగిలిపోయిన మిశ్రమం ఏదైనా గొట్టంలో ఉంటే అది బయటికి పోతుంది. వెలిగించగానే జరిగే ప్రమాదాల్లో చాలా వాటిని ఈ కొన్ని సెకన్లు తప్పిస్తాయి కనుక, దీన్ని రోజుకు ఒకసారి కాదు, పని ఆపి చాలాసేపటికి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ చేయాలి.

ఇప్పుడు ఎసిటిలీన్ వాల్వు కొద్దిగా తెరిచి, రాపిడి లైటరుతో వెలిగించాలి. సిగరెట్ లైటరు వాడకూడదు, జేబులో కూడా ఉంచుకోకూడదు. ఒక్క నిప్పురవ్వ దాని ప్లాస్టిక్‌ను కరిగిస్తే చాలు. మొదట మంట పసుపు రంగులో మసి వదులుతుంది. ఆ మసి పోయేదాకా ఎసిటిలీన్‌ను పెంచాలి, మంట కొన నుంచి విడిపోతుంటే కొద్దిగా తగ్గించాలి. ఆ నాజిల్‌కు సరిపడే ప్రవాహం వచ్చిందని మసి ఆగడమే చెబుతుంది. మసితో ఉన్నప్పుడే ఆక్సిజన్ కలపడం మొదలుపెడితే మొత్తం ప్రవాహం తక్కువగా ఉండి, మొదట చెప్పిన ప్రమాదం పొంచి ఉంటుంది. తర్వాత ఆక్సిజన్ తెరుస్తూ పోతే లోపల తెల్లని శంకువు, దాని చుట్టూ ఈక లాంటి పొర కనిపిస్తాయి. ఈక ఉన్నంతసేపు ఎసిటిలీన్ ఎక్కువగా ఉన్న కార్బురైజింగ్ జ్వాల. ఈక కుదించుకుపోయి శంకువులో కలిసిపోయిన చోట తటస్థ జ్వాల. ఇంకా ఆక్సిజన్ పెంచితే శంకువు పొట్టిగా, మొనదేలి, బుస్సుమనే చప్పుడుతో ఆక్సిడైజింగ్ జ్వాల అవుతుంది. ఉక్కుకు, పోత ఇనుముకు, రాగికి తటస్థ జ్వాల, ఇత్తడికి కొద్దిగా ఆక్సిడైజింగ్ జ్వాల సరైనవి. తటస్థ స్థితిని గుర్తించడం కంటికి అలవాటు కావాలంటే, ప్రతిసారీ ఈక కనిపించే వైపు నుంచే దాన్ని చేరుకోవాలి.

కళ్ల రక్షణకు 3 మి.మీ. లోపు మందానికి 4వ నంబరు షేడ్ (ముదురుదనం) ఉన్నవి, దాదాపు 12 మి.మీ. వరకు 5వ నంబరు, ఆపైన 6వ నంబరు అద్దాలు కావాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి. మందపాటి నూలు గానీ తోలు గానీ వేసుకోవాలి. జింకు పూత ఉన్న రేకును వేడి చేస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. కొన్ని వెండి బ్రేజింగ్ రాడ్లలో ఉండే కాడ్మియం పొగ ప్రాణం తీయగలదు. ఇంధనం నిల్వ చేసిన డ్రమ్మును, ఎంత ఖాళీగా కనిపించినా, పద్ధతి ప్రకారం శుభ్రం చేసి పరీక్షించకుండా మంటతో ముట్టుకోవద్దు. ఇరుకు గదుల్లో పని చేస్తే గాలి ఆడేలా చూడాలి, కానీ గాలి కోసం ఆక్సిజన్ వదలడం గానీ, ఆక్సిజన్‌తో బట్టల మీది దుమ్ము ఊదుకోవడం గానీ చేయరాదు. ఆక్సిజన్ ఇంకిన బట్ట ఒక్క రవ్వకే భగ్గుమంటుంది. మండే వస్తువులను సుమారు 11 మీటర్ల దూరం వరకు తొలగించాలి. పని పూర్తయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట, నిప్పు దాగి ఉందేమో కనిపెట్టి చూడాలి.

టప్‌మన్నప్పుడు, ఈలవేసినప్పుడు

శంకువు కొనకూ లోహానికీ మధ్య 2 నుంచి 3 మి.మీ. దూరం ఉంచి పని చేయాలి. కొన కరిగిన లోహానికి తగిలితే టప్‌మని శబ్దం వచ్చి మంట ఆరిపోతుంది. ఒక్కసారి జరిగితే వాల్వులు మూసి, కొనను చూసి, మళ్లీ ఖాళీ చేసి వెలిగించవచ్చు. పదే పదే జరుగుతుంటే మాత్రం పని ఆపాల్సిందే: ఒత్తిడి చాలకపోవచ్చు, కొన వేడెక్కి ఉండవచ్చు, మురికి పట్టి ఉండవచ్చు, నాజిల్ వదులై ఉండవచ్చు, లేదా ఒక సిలిండరు అయిపోవస్తూ ఉండవచ్చు. లోతైన మూలల్లో, వేడి వెనక్కి కొట్టే చోట్ల కొన త్వరగా వేడెక్కుతుంది. అప్పుడు ఎసిటిలీన్ కట్టి, ఆక్సిజన్ కొద్దిగా వదులుతూ కొనను నీళ్లలో ముంచి చల్లార్చాలి. ఆక్సిజన్ వదలకపోతే నీరు రంధ్రంలోకి పోతుంది.

ఇక రెండోది, భయపడవలసినది. మంట బయట కనిపించకుండా టార్చి లోపల కీచుమనో, ఈలవేసినట్టో చప్పుడు వస్తుంది, పిడి వేడెక్కుతుంది, కొన నుంచి నల్లని పొగ రావచ్చు. మంట మిక్సర్‌లో మండుతోందన్నమాట. వెంటనే టార్చి మీది ఆక్సిజన్ వాల్వు మూయాలి, మరుక్షణం ఎసిటిలీన్ వాల్వు మూయాలి. లోపలి మంటకు ఊపిరి ఆక్సిజనే కాబట్టి ముందు దాన్నే ఆపాలి. కొన్ని సెకన్లలో టార్చి కరిగిపోగలదు కనుక, ఏ వాల్వు ఎటువైపు ఉందో చేతికి చూడకుండానే తెలిసి ఉండాలి. మంట గొట్టంలోకి వెళ్లినట్టు అనుమానం వస్తే రెండు సిలిండర్ల వాల్వులూ మూయాలి. గొట్టాలు, అరెస్టర్లు, టార్చి అన్నింటినీ తెలిసినవారు పరీక్షించేదాకా మళ్లీ వెలిగించకూడదు. లోపల కాలిన గొట్టం బయటికి కొత్తదానిలా కనిపిస్తుంది.

ఎసిటిలీన్ సిలిండరు ఒంటి మీద ఎక్కడైనా తనంతట తానే వేడెక్కుతున్నట్టు తెలిస్తే, లోపల విచ్ఛిన్నం మొదలైందని అర్థం. దాన్ని కదిలించవద్దు. అందరినీ ఖాళీ చేయించి అగ్నిమాపక దళాన్ని పిలవాలి. దూరం నుంచి, అడ్డు చాటు నుంచి నీటితో చల్లబరచడం వారు చేసే పని.

ఆర్పడం

మామూలుగా పని ముగించేటప్పుడు ముందు ఏ వాల్వు మూయాలన్న విషయంలో తయారీదారుల సూచనలు భిన్నంగా ఉంటాయి. ముందు ఎసిటిలీన్ మూస్తే మంట వెంటనే ఆగిపోతుంది, మసి పట్టదు, మిగిలిన మిశ్రమాన్ని ఆక్సిజన్ ఊదేస్తుంది. ముందు ఆక్సిజన్ మూస్తే టప్‌మనే శబ్దం రాదు, పైగా తర్వాత ఎసిటిలీన్ మూసినా కొన దగ్గర చిన్న మంట మిగిలితే ఆ వాల్వు లీకవుతోందని తెలిసిపోతుంది. మీ టార్చి పుస్తకంలో ఏది ఉంటే అదే పాటించండి, ఒకే చోట పనిచేసే వారంతా ఒకే వరుసను పాటించేలా చూడండి. లోపలి మంట వచ్చినప్పుడు మాత్రం ఆక్సిజనే ముందు. అందులో భిన్నాభిప్రాయానికి తావు లేదు.

టార్చి ఆర్పాక సిలిండరు వాల్వులు మూసి, ఒక్కొక్క గొట్టంలోని ఒత్తిడిని విడివిడిగా వదిలి, రెగ్యులేటరు మరలు వదులుచేయాలి. కాసేపు భోజనానికి వెళ్లినా సిలిండర్లు మూయాలి. గొట్టాలతో సహా టార్చిని పెట్టెలోనో, మూసి ఉన్న వాహనంలోనో వదిలివెళ్లడం చాలా ప్రమాదకరం. ఎసిటిలీన్ గాలిలో 2.5 శాతం ఉన్నా అంటుకోగలదు, అంత వాయువు చేరడానికి వాల్వు దగ్గర చిన్న లీకు చాలు.

సంరక్షణ

నాజిల్ రంధ్రాన్ని దానికోసం చేసిన సన్నని తీగలతోనే శుభ్రం చేయాలి. రంధ్రం కంటే ఒక సైజు చిన్న తీగ తీసుకుని, నిటారుగా లోపలికీ బయటికీ కదపాలి; తిప్పకూడదు, వాలుగా తోయకూడదు. చేతికందిన మేకుతోనో డ్రిల్లు ముక్కతోనో గెలికితే రంధ్రం వెడల్పై అండాకారమవుతుంది. అప్పుడు శంకువు ఒక పక్కకు వాలుతుంది, వాయువు వేగం తగ్గుతుంది, అప్పటి నుంచి ఆ నాజిల్ మాటిమాటికీ టప్‌మంటూనే ఉంటుంది. కొన ముఖం చదును తప్పితే చాలా సన్నని ఆకురాయితో సమం చేయాలి. శంకువు వంకరగా వచ్చే నాజిల్‌ను మార్చేయడమే మేలు. టార్చి అంతటిలో తక్కువ ధర ఉన్న భాగం అదే.

నాజిల్, మిక్సర్ కూర్చునే చోట్లు లోహానికి లోహం ఒరుసుకుని గానీ, ఓ-రింగు వల్ల గానీ మూసుకుంటాయి. అక్కడ టేపు, జిగురు, పేస్టు వాడకూడదు. గీతలు పడిన సీటును లీకు ఆగేదాకా బలంగా బిగించడం వల్ల సీటు ఇంకా చెడుతుంది. వాల్వు కాడ దగ్గర లీకు ఉంటే ప్యాకింగ్ నట్టును కొద్దిగా బిగించి చూడాలి. అప్పటికీ ఆగకపోతే ప్యాకింగ్ మార్చాలి. ఆక్సిజన్ వైపు ఓ-రింగులకు తయారీదారు చెప్పిన లూబ్రికెంట్ తప్ప మరేదీ పూయకూడదు. వాల్వులు సరిగా మూసుకుంటున్నాయో లేదో తెలుసుకోవాలంటే, గొట్టాల్లో ఒత్తిడి ఉండగా టార్చి వాల్వులు మూసి, చల్లారిన కొనను నీళ్లలో ముంచి చూడాలి. బుడగలు వస్తే వాల్వు సీటు అరిగిందని అర్థం. టార్చి వాల్వులు మూసి ఉన్నప్పుడు రెగ్యులేటరు గేజీ ముల్లు దానంతట అదే పైకి పాకుతుంటే, తప్పు రెగ్యులేటరు సీటుది. దాన్ని వెంటనే పక్కన పెట్టాలి.

ఇంజెక్టర్ టార్చికి ప్రత్యేకమైన పరీక్ష ఒకటి ఉంది. మంట లేకుండా, ఎసిటిలీన్ గొట్టం విప్పేసి, ఆక్సిజన్ గొట్టం మాత్రం ఉంచి, టార్చి మీది రెండు వాల్వులూ తెరవాలి. ఎసిటిలీన్ వచ్చే మూతి దగ్గర శుభ్రమైన బొటనవేలు పెడితే వేలిని లోపలికి పీల్చుతున్నట్టు తెలియాలి. పీల్పు లేకపోయినా, అక్కడి నుంచి ఆక్సిజన్ బయటికి తన్నుతున్నా నాజిల్ గానీ ఇంజెక్టర్ గానీ మూసుకుపోయిందని అర్థం. పట్టుమని ఒక నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను వారానికోసారి, అలాగే నాజిల్ శుభ్రం చేసిన ప్రతిసారీ చేయడం మంచిది.

గొట్టాలను వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి, ముఖ్యంగా బిగింపుల దగ్గర. చివర పాడైతే ఆ ముక్క కోసేసి, సరైన బిగింపు పట్టీతో మళ్లీ అమర్చవచ్చు. నడుమ పాడైన గొట్టాన్ని టేపు చుట్టి, తీగ కట్టి వాడకూడదు. గొట్టాలను సిలిండర్లకు చుట్టి ఉంచితే నిప్పు పుట్టినప్పుడు సిలిండరు వాల్వు దగ్గరికి చేయి పోదు. అరెస్టర్లను ఏటా పరీక్షించి, తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా ఐదేళ్లకు, మార్చాలి. లోపలి మంటను ఒకసారి ఆపిన అరెస్టరును పరీక్షించకుండా తిరిగి వాడకూడదు. పిడి వంగిన, మిక్సర్ లోపల మసి పట్టిన, లేదా మరలు అరిగిపోయిన టార్చిని మరమ్మతుకు అర్హత ఉన్నవారికే ఇవ్వాలి. వారు కాదన్నదాన్ని ఇంకొకరు తీసుకుని వాడే వీలు లేకుండా గొట్టాల మూతులు కోసి పారేయాలి.